మా వెబ్‌సైట్‌ను ఇంకో డొమైన్ మక్కీకి మక్కీ చూపిస్తోంది, గూగుల్‌లో మా పేజీలు పడిపోతున్నాయి. ఎలా ఆపాలి?

ఖాతా_గైడ్ (బెంగళూరు)

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఇల్లు, ఫ్లాటు కొనే తెలుగువాళ్ల కోసం మేం ఒక వెబ్‌సైట్ నడుపుతున్నాం. ఈ-ఖాతాకు (ఆస్తి వివరాలుండే ఆన్‌లైన్ రికార్డు) ఏ కాగితాలు కావాలి, ఏ-ఖాతాకూ బీ-ఖాతాకూ తేడా ఏమిటి, కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీల పత్రం) ఎలా తీసుకోవాలి, ఇలాంటివన్నీ తెలుగులో రాస్తాం. వర్డ్‌ప్రెస్, ముంబైలో ఒక వీపీఎస్ (అద్దె సర్వర్), ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్). సీడీఎన్ (సర్వర్ ముందు నిలబడి పేజీలు అందించే సేవ) లేదు.

ఇప్పుడు ఇంకో డొమైన్‌లో మా సైట్ మొత్తం తెరుచుకుంటోంది. మేం ఇక్కడ ఒక అక్షరం దిద్దితే అక్కడా అప్పుడే మారిపోతోంది. మెనూలో, వ్యాసాల్లో లింకులన్నీ వాళ్ల పేరు మీదే ఉన్నాయి. పేజీ సోర్స్ చూస్తే కెనానికల్ ట్యాగ్‌లో (పేజీ అసలు చిరునామా ఏదో గూగుల్‌కు చెప్పేది) కూడా మా డొమైన్ తీసేసి వాళ్లది పెట్టారు. కింద వాళ్ల ప్రకటనలు వస్తున్నాయి.

సెర్చ్ కన్సోల్‌లో కొన్ని పేజీలకు "డూప్లికేట్, గూగుల్ వేరే కెనానికల్‌ను ఎంచుకుంది" అని వస్తోంది. లోపలికి వెళ్లి చూస్తే గూగుల్ ఎంచుకున్నది వాళ్ల చిరునామా. మా వ్యాసంలోని ఒక వాక్యాన్ని కొటేషన్లలో పెట్టి వెతికితే మొదట వాళ్ల పేజీ వస్తోంది. వాళ్ల డొమైన్‌కు డిగ్ (ఐపీ చూపించే కమాండ్) కొడితే ఒక సీడీఎన్ ఐపీ మాత్రమే కనిపిస్తోంది, అసలు సర్వర్ ఎక్కడుందో తెలియడం లేదు.

సర్వర్ వైపు ఏం చేయాలి, గూగుల్ వైపు ఏం చేయాలి, చట్టప్రకారం ఏం చేయొచ్చు? ఏది ముందు చేయాలో కూడా చెప్పండి.


లాగ్‌ఫైల్

మీరు దిద్దింది అక్కడ వెంటనే కనిపిస్తోందంటే వాళ్లు కాపీ చేసి దాచుకోలేదు. ఎవరైనా వాళ్ల పేజీ తెరిచిన ప్రతిసారీ వాళ్ల సర్వర్ మీ సర్వర్ దగ్గరకు వచ్చి ఆ పేజీ తీసుకెళ్లి, మీ పేరున్న చోటల్లా తమ పేరు పెట్టి చూపిస్తోంది. అంటే రివర్స్ ప్రాక్సీ. సరుకు మీ గోదాములోంచే పోతోంది కాబట్టి తాళం కూడా మీ చేతిలోనే ఉంది. అందుకే మొదటి పని సర్వర్ వైపే. గూగుల్‌కు ఫిర్యాదులు తర్వాత.

ముందు వాళ్ల సర్వర్ ఐపీ పట్టుకోండి. వాళ్ల డొమైన్ చివర ఎవరూ ఊహించని ఒక పేరు తగిలించి బ్రౌజర్‌లో తెరవండి, ఏదో ఒక పదం, వెనక ఐదారు అంకెలు. మీకు 404 (పేజీ లేదు) వచ్చినా ఫర్వాలేదు. వెంటనే మీ యాక్సెస్ లాగ్‌లో ఆ పదం కోసం గ్రెప్ కమాండ్‌తో వెతకండి. ఆ లైన్ మొదట్లో ఉన్న ఐపీయే మీ సర్వర్‌కు వచ్చి పేజీలు ఎత్తుకెళ్తున్నది. సీడీఎన్ వెనక దాక్కున్నా ఈ వైపు దాక్కోలేరు, పేజీ కావాలంటే ఎక్కడినుంచో ఒకచోటినుంచి మీ దగ్గరకు రావాల్సిందే. ఇదే పని వేర్వేరు సమయాల్లో కొన్నిసార్లు చేయండి, ఒకే ఐపీయా, మారుతోందా తేలుతుంది. లాగ్‌లో అసలు ఏమీ పడకపోతే వాళ్లు క్యాష్ (కొంతసేపు దాచుకున్న నకలు) నుంచి ఇస్తున్నారన్నమాట.

ఎన్‌జిన్‌ఎక్స్ మామూలు లాగ్ ఫార్మాట్ దీనికి చాలదు. లాగ్‌ఫార్మాట్‌లో హోస్ట్, యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ హెడర్, సీఎఫ్-వర్కర్ హెడర్, ఈ మూడూ కలపండి. ఎందుకంటే:

హోస్ట్ కాలమ్‌లో వాళ్ల డొమైన్ పేరు కనిపిస్తే అది వేరే కథ. వాళ్లు తమ డొమైన్‌ను నేరుగా మీ ఐపీకి చూపించారు, మీ ఎన్‌జిన్‌ఎక్స్ ఏ పేరుతో అడిగినా తలుపు తీస్తోంది. మీ విషయంలో లింకులు కూడా మారాయి కాబట్టి అసలు కారణం ఇది కాకపోవచ్చు, అయినా ఈ తలుపు మూసేయాలి. లిజన్ లైన్‌లో డిఫాల్ట్_సర్వర్ అని పెట్టి ఒక ఖాళీ సర్వర్ బ్లాక్ రాసి, రిటర్న్ 444 ఇవ్వండి. 444 అంటే ఎన్‌జిన్‌ఎక్స్ జవాబేమీ ఇవ్వకుండా కనెక్షన్ తెంపేస్తుంది. 443 పోర్టుకు ఎస్‌ఎస్‌ఎల్_రిజెక్ట్_హ్యాండ్‌షేక్ ఆన్ పెట్టండి, ఇది 1.19.4 వెర్షన్ నుంచి ఉంది. అపాచీలో అయితే మొదట లోడ్ అయ్యే వర్చువల్ హోస్టే డిఫాల్ట్, దాన్ని ఖాళీది చేయాలి.

యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ ఎందుకంటే, ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీలో పేజీలోని మాటలు మార్చే సబ్_ఫిల్టర్ కుదించిన డేటా మీద పనిచేయదు. అందుకని వాళ్లు మీకు పంపే రిక్వెస్ట్‌లో ఆ హెడర్‌ను ఖాళీ చేస్తారు. నిజమైన క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఎప్పుడూ జీజిప్ లాంటి కుదించిన రూపంలో పంపొచ్చని ఈ హెడర్‌లో చెబుతాయి. బ్రౌజర్‌నని చెప్పుకుంటూ ఈ హెడర్ లేకుండా వచ్చేది ఏదైనా అనుమానించదగ్గదే. పాత ఎన్‌జిన్‌ఎక్స్‌లు ప్రాక్సీ చేసేటప్పుడు హెచ్‌టీటీపీ 1.0 వాడతాయి, అది కూడా ఆనవాలే.

ఐపీ దొరికాక ఫైర్‌వాల్‌లో డ్రాప్ చేయాలనిపిస్తుంది. చేయకండి. డ్రాప్ చేస్తే వాళ్ల ప్రాక్సీ టైమౌట్ అయి గూగుల్‌కు 502, 504 ఇస్తుంది. 5xx అంటే గూగుల్ తాత్కాలిక ఇబ్బంది అనుకుని ఆ పేజీలను కొంతకాలం ఇండెక్స్‌లోనే ఉంచుతుంది. దాని బదులు ఆ ఐపీకి ఎన్‌జిన్‌ఎక్స్‌లోనే 410 (ఈ పేజీ ఇక లేదు అనే జవాబు) ఇవ్వండి. ప్రాక్సీ దాన్ని అలాగే ముందుకు పంపిస్తుంది, గూగుల్‌కు ఆ పేజీ లేదని అర్థమవుతుంది.

ఇంకో పొరపాటు చాలామంది చేసేది: ఆ ఐపీకి మాత్రం అన్నీ డిసలౌ అని రోబోట్స్ ఫైల్ (సెర్చ్ బాట్‌లు ఎక్కడికి రాకూడదో చెప్పేది) ఇవ్వడం. అప్పుడు గూగుల్ ఆ పేజీల్లోకి వెళ్లదు, మీరిచ్చిన 410నీ చూడదు, పాత ఎంట్రీ అక్కడే ఉండిపోతుంది. రోబోట్స్‌ను ముట్టుకోవద్దు.


పేజీవన్

లాగ్‌ఫైల్ గారు సర్వర్ సంగతి చెప్పారు కాబట్టి గూగుల్ వైపు.

"డూప్లికేట్ కంటెంట్ పెనాల్టీ" పడిందని భయపడొద్దు. ఇందులో శిక్ష ఏమీ లేదు. ఒకేలాంటి పేజీలను గూగుల్ ఒక గుంపుగా చేసి, అందులో ఒకదాన్ని అసలుదిగా ఎంచుకుని దాన్నే చూపిస్తుంది. మీ గుంపులో తప్పు పేజీ ఎంపికైంది, అంతే. కెనానికల్ ట్యాగ్ గూగుల్‌కు ఆజ్ఞ కాదు, సూచన మాత్రమే. మీ పేజీ మీ పేరు చెబుతోంది, వాళ్ల పేజీ వాళ్ల పేరు చెబుతోంది. కాబట్టి వాళ్ల పేజీ కూడా మీ పేరే చెప్పేలా చేయాలి.

వాళ్లు చేసేది పేజీలో మీ డొమైన్ అక్షరాలను వెతికి మార్చడం. ఆ వెతుకులాటకు దొరకకుండా రాయడానికి రెండు దారులున్నాయి. మొదటిది, కెనానికల్‌ను పేజీలోనే కాకుండా హెచ్‌టీటీపీ లింక్ హెడర్‌లో కూడా పంపండి. సబ్_ఫిల్టర్ పేజీ లోపలి పాఠాన్నే మారుస్తుంది, హెడర్లను ముట్టుకోదు. గూగుల్ హెడర్‌లోని కెనానికల్‌ను కూడా చదువుతుంది. రెండోది, కెనానికల్ ట్యాగ్‌లో మీ డొమైన్‌లోని ఒక అక్షరాన్ని హెచ్‌టీఎంఎల్ న్యూమరిక్ ఎంటిటీగా రాయండి. బ్రౌజరూ, గూగుల్‌బాటూ (పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రాం) దాన్ని మామూలు అక్షరంగానే చదువుతాయి. వాళ్ల ఫిల్టర్‌కు మాత్రం అక్షరాల వరుస కలవదు. వర్డ్‌ప్రెస్‌లో ఎస్‌ఈఓ ప్లగిన్ కెనానికల్‌ను తానే రాస్తుంది. దాని ఫిల్టర్ హుక్‌లో మార్చాలి, లేకపోతే రెండు కెనానికల్ ట్యాగులు పడతాయి. అవి ఒకదానితో ఒకటి పొసగకపోతే గూగుల్ రెండింటినీ పక్కన పెట్టేయొచ్చు.

జావాస్క్రిప్ట్‌తో కూడా ఒక తాళం వేయొచ్చు. లొకేషన్ హోస్ట్‌నేమ్ మీది కాకపోతే లొకేషన్ రీప్లేస్‌తో మీ పేజీకి పంపే నాలుగు లైన్లు చాలు. డొమైన్‌ను బేస్64లో రాయండి, నేరుగా రాస్తే వాళ్ల ఫిల్టర్ దాన్నీ మార్చేస్తుంది. గూగుల్ పేజీని రెండర్ చేసి చూస్తుంది కాబట్టి జావాస్క్రిప్ట్ రీడైరెక్ట్ దానికీ తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో మీ సైట్ చూసేవాళ్లకు హోస్ట్‌నేమ్ ట్రాన్స్‌లేట్ డాట్ గూగ్‌తో ముగుస్తుంది. దాన్ని, మీ స్టేజింగ్ సైట్‌ను మినహాయించండి.

వాళ్లు మనుషులకు ఒకటి, గూగుల్‌కు ఒకటి చూపిస్తున్నారేమో కూడా చూడాలి. దీనికి రిచ్ రిజల్ట్స్ టెస్ట్ బాగా పనికొస్తుంది. ఆ సైట్ మీది కానక్కర్లేదు, ఏ చిరునామా ఇచ్చినా గూగుల్ స్వయంగా వెళ్లి తెచ్చిన హెచ్‌టీఎంఎల్ చూపిస్తుంది. మీరు బ్లాక్ చేశాక అది నిజంగా పనిచేస్తోందా లేదా అన్నది కూడా ఇందులోనే చూసుకోండి. మీ బ్రౌజర్‌లో కనిపించేదాన్ని నమ్మొద్దు.


ఖాతా_గైడ్

ఇద్దరికీ ధన్యవాదాలు. లాగ్‌లో పడింది. కానీ ఒక ఐపీ కాదు, మారుతూనే ఉన్నాయి, అన్నీ ఒకే హోస్టింగ్ కంపెనీవి. వాటిలో చాలా వాటి యూజర్ ఏజెంట్ (వచ్చిన ప్రోగ్రాం తన గురించి చెప్పుకునే పేరు) గూగుల్‌బాట్ అని ఉంది. యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ ఖాళీ. వీటిని బ్లాక్ చేస్తే నిజమైన గూగుల్‌బాట్ కూడా ఆగిపోతుందేమోనని భయంగా ఉంది. ఈ-ఖాతా పేజీ 410 ఇవ్వడం మొదలుపెడితే మాకు మిగిలేది ఏమీ లేదు.


బెళ్ళందూరు_బ్యాకెండ్

ఆగిపోదు, సరిగ్గా చేస్తే. పైగా ఇది మీకు దొరికిన మంచి ఆధారం. గూగుల్‌బాట్ వాళ్ల సైట్‌కు వచ్చినప్పుడు దాని యూజర్ ఏజెంట్‌ను వాళ్ల ప్రాక్సీ అలాగే మీకు పంపుతోంది. అంటే మీ ర్యాంకింగ్‌ను దెబ్బతీసే రిక్వెస్టులు తమంతట తామే చేయెత్తి చూపిస్తున్నాయి. పేరు గూగుల్‌బాట్, ఐపీ గూగుల్‌ది కాదు. ఆ ఒక్క షరతు చాలు, ఐపీలు ఎన్ని మార్చినా ఫర్వాలేదు.

నిజమైనదా కాదా తేల్చడానికి గూగుల్ చెప్పిన పద్ధతి: ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు) చూస్తే పేరు గూగుల్‌బాట్ డాట్ కామ్‌తోనో గూగుల్ డాట్ కామ్‌తోనో ముగియాలి. ఆ పేరుకు మళ్లీ ఐపీ అడిగితే అదే ఐపీ రావాలి. రెండో మెట్టు తప్పనిసరి, రివర్స్ పేరును ఎవరైనా తమకిష్టమైనట్టు పెట్టుకోగలరు. చేత్తో ఒకటి రెండు సరిచూడటానికి ఇది బాగుంటుంది. ప్రతి రిక్వెస్ట్‌కూ డీఎన్‌ఎస్ అడిగితే మాత్రం సైట్ నత్తనడక నడుస్తుంది.

సర్వర్‌లో పెట్టడానికి గూగుల్ ప్రచురించే గూగుల్‌బాట్ ఐపీ జాబితా వాడండి, జేసన్ ఫైల్‌గా దొరుకుతుంది. ఒక చిన్న స్క్రిప్ట్ రోజుకోసారి దాన్ని తెచ్చి ఎన్‌జిన్‌ఎక్స్ జియో బ్లాక్‌గా రాయాలి: జాబితాలో ఉన్న ఐపీకి 1, మిగతావాటికి 0. తర్వాత ఒక మ్యాప్‌లో యూజర్ ఏజెంట్‌లో గూగుల్‌బాట్ గానీ, రిచ్ రిజల్ట్స్ టెస్ట్ వాడే గూగుల్-ఇన్‌స్పెక్షన్‌టూల్ గానీ ఉండి జియో విలువ 0 అయితే 410. ఐపీవీ6 చిరునామాలు వదిలేయొద్దు, ఆ జాబితాలో అవీ ఉంటాయి. ఫైల్ దిగుమతి విఫలమై ఖాళీ జాబితా వస్తే అసలు గూగుల్‌బాట్‌కే 410 వెళ్తుంది, మీరు భయపడుతున్నది సరిగ్గా అదే. కాబట్టి కొత్త ఫైల్ ఖాళీగా ఉంటే పాతదే ఉంచేలా రాయండి. రీలోడ్‌కు ముందు ఎన్‌జిన్‌ఎక్స్ మైనస్ టీ (సెట్టింగుల్లో తప్పులు చూసే కమాండ్) తప్పక నడపండి. పెట్టిన రోజు లాగ్ చూస్తూ ఉండండి, 66.249తో మొదలయ్యే గూగుల్‌బాట్ చిరునామాలకు 200 (పేజీ సరిగ్గా అందింది) వెళ్తుంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. బింగ్‌బాట్‌కు కూడా ఇలాంటి జాబితా ఉంది.

ఇక మిగతా రిక్వెస్టులు, అంటే మనుషుల పేరుతో వచ్చేవి. అన్నీ ఒకే హోస్టింగ్ కంపెనీవి అన్నారు కదా, ఆ కంపెనీ ఏఎస్ఎన్ (దాని ఐపీలన్నీ ఉండే నెట్‌వర్క్ నంబర్) మొత్తానికీ నియమం పెట్టొచ్చు. బెంగళూరులో ఈ-ఖాతా గురించి వెతికే మనిషి రిలయన్స్ జియో నుంచో ఎయిర్‌టెల్ నుంచో వస్తాడు, డేటా సెంటర్ నుంచి రాడు. అయితే పేమెంట్ గేట్‌వే వెబ్‌హుక్‌లు, అప్‌టైమ్ చూసే సర్వీసులు, ఆఫీసు వీపీఎన్‌లు డేటా సెంటర్ల నుంచే వస్తాయి. వాటికి మినహాయింపు ఇవ్వకపోతే అసలు కస్టమర్ల చెల్లింపులు నమోదు కాకుండా పోతాయి.

రేపు మీరు క్లౌడ్‌ఫ్లేర్ అనే సీడీఎన్ ముందు పెట్టుకుంటే రెండు సంగతులు. లాగ్‌లో కనిపించేవన్నీ క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలే అవుతాయి, రియల్_ఐపీ_హెడర్‌ను సీఎఫ్-కనెక్టింగ్-ఐపీకి మార్చేదాకా పైన చెప్పిన ఏ నియమమూ ఆన్ చేయకండి. రెండు, అవతలివాళ్లు క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్ (క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్లలోనే నడిచే చిన్న ప్రోగ్రాం) రాసి ప్రాక్సీ చేస్తుంటే ఐపీతో లాభం లేదు. కానీ ఆ రిక్వెస్టుల్లో సీఎఫ్-వర్కర్ అనే హెడర్ ఉంటుంది, అందులో ఆ వర్కర్ ఏ డొమైన్ ఖాతాదో పేరు ఉంటుంది. ఆ పేరు మీదే నియమం రాయాలి. లాగ్‌ఫైల్ గారు ఆ కాలమ్ పెట్టమన్నది ఇందుకే.

410కి బదులు 301తో (శాశ్వత రీడైరెక్ట్) మీ సైట్‌కు పంపితే ర్యాంకు మీకే తిరిగొస్తుంది కదా అని కూడా అనిపిస్తుంది. డొమైన్ నేరుగా మీ ఐపీకి చూపించిన సందర్భంలో అది నిజం, అక్కడ 444 కన్నా కూడా 301 మంచిది. రివర్స్ ప్రాక్సీలో మాత్రం ప్రాక్సీ_రీడైరెక్ట్ అనే సెట్టింగ్ లొకేషన్ హెడర్‌లో మీ పేరు తీసి వాళ్ల పేరు పెట్టేస్తుంది, పేజీ తనను తానే తిప్పుకుంటూ ఉండిపోతుంది. ప్రయత్నించి రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో చూడండి. బయటికి దాటితే 301, లేకపోతే 410.


హక్కులు_పత్రాలు

బ్లాక్ చేయబోయే ముందు సాక్ష్యం తీసిపెట్టుకోండి, తర్వాత అక్కడ ఏమీ మిగలదు. వాళ్ల పేజీల స్క్రీన్‌షాట్లు, సేవ్ చేసిన హెచ్‌టీఎంఎల్, మీ లాగ్ లైన్లు. వాళ్ల పేజీలను వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రపరచండి. కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. 2024 జులై 1 నుంచి పాత 65బి స్థానంలో వచ్చింది ఇదే. ఇందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటిది) రాయాలి, కాబట్టి ఫైళ్లు తీసినరోజే షా256 లెక్కించి పెట్టుకోండి.

ఫిర్యాదు పంపాల్సిన చోట్లు వేర్వేరు, ఒక్కొక్కరూ చేయగలిగింది వేరు.

గూగుల్ కాపీరైట్ ఫారం ద్వారా సెర్చ్ నుంచి పేజీలు తీయించవచ్చు. డొమైన్ పేరు ఒక్కటి రాస్తే తిప్పి పంపుతారు. మీ పేజీ ఏది, దాన్ని కాపీ కొట్టిన పేజీ ఏది అని ఒక్కో చిరునామా రాయాలి. ఎక్కువ మంది చదివే పేజీలతో మొదలుపెట్టండి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది. మీ నోటీసు, ఇలాంటి నోటీసులను ప్రచురించే లూమెన్ డేటాబేస్‌లో బయటికి కనిపించవచ్చు, వివరణలో ఇంటి చిరునామా, ఫోన్ నంబర్ రాయకండి. ఒకే డొమైన్ మీద సరైన నోటీసులు ఎక్కువైతే దాని మొత్తం ర్యాంకింగ్‌ను తగ్గిస్తామని గూగుల్ 2012 ఆగస్టులోనే చెప్పింది, అందుకే ఓపికగా పంపడం వృథా కాదు. మీ దగ్గర వేరే రచయితలు రాసిన వ్యాసాలుంటే వాళ్లతో మీకు రాతపూర్వక ఒప్పందం ఉందో లేదో ముందు చూసుకోండి. హక్కుదారు తరఫున మాట్లాడుతున్నానని ప్రమాణం చేసి సంతకం పెట్టే పత్రం ఇది.

సీడీఎన్ వాళ్లు సాధారణంగా పేజీని తీయరు, ఎందుకంటే అది వాళ్ల దగ్గర నిల్వ లేదు. కానీ వాళ్ల అబ్యూజ్ ఫారం నింపితే ఫిర్యాదును అసలు హోస్టింగ్ కంపెనీకి పంపుతారు, ఆ కంపెనీ ఎవరో మీకూ తెలుస్తుంది. మీకు లాగ్‌లోనే కంపెనీ దొరికింది కాబట్టి దాని అబ్యూజ్ ఈమెయిల్‌కు నేరుగా రాయండి, ఐపీ, సమయం, టైమ్‌జోన్ తప్పకుండా పెట్టండి. ఐఎస్‌టీ అని రాయకపోతే వాళ్ల లాగ్‌తో అయిదున్నర గంటల తేడా వచ్చి "మాకేమీ కనబడలేదు" అంటారు. అమెరికా కంపెనీ అయితే అవతలివాళ్లు కౌంటర్ నోటీసు ఇచ్చే వీలుంది. అప్పుడు మీరు దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో పేజీ మళ్లీ పెట్టేస్తారు.

భారతీయ కంపెనీ అయితే 2013 కాపీరైట్ నిబంధనల్లో 75వ నిబంధన చూపించండి. ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ పేజీకి దారి మూయాలి. 21 రోజుల్లోపు మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవొచ్చు. ఆ గడువు మీకూ వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

రిజిస్ట్రార్ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 2024 ఏప్రిల్‌లో రిజిస్ట్రార్లకు పెట్టిన బాధ్యత ఫిషింగ్, మాల్‌వేర్, బాట్‌నెట్ లాంటివాటికి. కాపీరైట్ అందులో లేదు. అయితే మీ సైట్‌లో లాగిన్ గానీ డబ్బు కట్టే పేజీ గానీ ఉండి, అది కూడా వాళ్ల డొమైన్‌లో తెరుచుకుంటుంటే, అది ఫిషింగ్ కిందికి వస్తుంది. అప్పుడు రిజిస్ట్రార్‌కు ఆ మాటే రాయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ మీ డివిజన్‌లో సైబర్ నేరాలు చూసే సీఈఎన్ పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు కూడా ఇవ్వండి. ఎవరైనా ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే 1930 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి.

దావా వేయాల్సి వస్తే అవతలివాడు ఎక్కడున్నాడో తెలియకపోయినా బెంగళూరులోనే వేయొచ్చు. కాపీరైట్ చట్టం 62(2) హక్కుదారు ఉండే చోటు, వ్యాపారం చేసే చోటు చాలంటుంది. ఇక్కడ సిటీ సివిల్ కోర్టులోని కమర్షియల్ కోర్టు వింటుంది. అత్యవసర ఇంటరిమ్ ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలని కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ చెబుతుంది, పేరు తెలియని ప్రతివాదితో మధ్యవర్తిత్వం ఏం జరుగుతుంది? కాబట్టి పిటిషన్‌లో ఆ అత్యవసరం స్పష్టంగా రాయించండి.


లాగ్‌ఫైల్

ఒక కిటుకు చాలాచోట్ల చెబుతుంటారు. ప్రాక్సీ మీ ఫైళ్లన్నీ చూపిస్తుంది కాబట్టి సెర్చ్ కన్సోల్ వెరిఫికేషన్ ఫైల్‌ను మీ సర్వర్‌లో పెట్టి, వాళ్ల డొమైన్‌ను మీ పేరు మీద వెరిఫై చేసుకుని, రిమూవల్స్ టూల్‌తో మొత్తం తీసేయడం. సాంకేతికంగా అవుతుంది. ఆ తొలగింపు సుమారు 6 నెలలే నిలుస్తుంది.


హక్కులు_పత్రాలు

నేనైతే వద్దంటాను. మీది కాని డొమైన్‌కు యజమానినని గూగుల్‌కు చెప్పినట్టు రికార్డు మిగులుతుంది. తర్వాత కోర్టులో అవతలి లాయర్ మొదట అడిగేది అదే. మీ పక్షాన న్యాయం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆ మచ్చ ఎందుకు?


పేజీవన్

అవసరం కూడా లేదు. వాళ్ల పేజీలు 410 ఇవ్వడం మొదలయ్యాక గూగుల్ "అవుట్‌డేటెడ్ కంటెంట్" టూల్ వాడండి. అది సైట్ యజమాని కానివాళ్ల కోసమే పెట్టింది. ఇప్పుడు లేని పేజీ ఇంకా ఫలితాల్లో కనిపిస్తుంటే ఎవరైనా అడగొచ్చు. బ్లాక్ చేయకముందు అడిగితే పేజీ ఇంకా ఉందని తిరస్కరిస్తారు, కాబట్టి వరుస ముఖ్యం: సాక్ష్యం, బ్లాక్, రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో సరిచూడటం, ఆ తర్వాత ఇది, దీంతోపాటే కాపీరైట్ ఫారం.

వాళ్లు క్యాష్ నుంచి పాత పేజీలు ఇస్తూ ఉంటే 410 బయటికి రాదు, ఎర్రర్ వచ్చినప్పుడు పాతదే చూపించేలా ప్రాక్సీని పెట్టుకునే వీలుంది. అలాంటప్పుడు ఆ ఐపీలకు 410 బదులు 200తో ఒక ఖాళీ పేజీ ఇవ్వండి, అందులో నోఇండెక్స్ (సెర్చ్‌లో చూపొద్దని చెప్పే) మెటా ట్యాగ్, "ఈ వ్యాసం అసలు చిరునామాలో చదవండి" అన్న ఒక లైను పెట్టండి. 200 కాబట్టి క్యాష్ గడువు తీరినప్పుడు పాత పేజీ స్థానంలో ఇదే కూర్చుంటుంది.

మీ వైపు, దెబ్బతిన్న పేజీలకు యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కండి. దానికి రోజువారీ పరిమితి ఉంటుంది, ఈ-ఖాతా, ఈసీ పేజీలకే ముందు వాడండి. "గూగుల్ ఎంచుకున్న కెనానికల్" మీ చిరునామాకు మారిందా లేదా అన్నది పేజీవారీగా చూసుకోండి. తరచుగా క్రాల్ అయ్యే పేజీలు ముందు మారతాయి, లోతుగా ఉన్న పాత వ్యాసాలకు వారాలు పడుతుంది. ఈలోగా ర్యాంకు కోసమని వ్యాసాల చిరునామాలు మార్చడం, టైటిళ్లు తిరగరాయడం చేయకండి, గుంపు మళ్లీ మొదటినుంచి కట్టాల్సి వస్తుంది. లింక్స్ రిపోర్ట్‌లో వాళ్ల డొమైన్ నుంచి కుప్పలుగా లింకులు కనిపించినా డిసేవౌ ఫైల్ (ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పేది) జోలికి వెళ్లనక్కర్లేదు, ఆ పేజీలు ఇండెక్స్ నుంచి పోతే అవీ పోతాయి.


ఖాతా_గైడ్

సాక్ష్యం తీసిపెట్టాం, హ్యాష్‌లు కూడా. జియో, మ్యాప్ నియమాలు ఈ రాత్రి స్టేజింగ్‌లో పెట్టి చూస్తాం. ఒక్క సందేహం, ఇదే ప్రాక్సీ రేపు ఇంకో డొమైన్ పేరుతో వస్తే మాకు ఎలా తెలుస్తుంది?


బెళ్ళందూరు_బ్యాకెండ్

గూగుల్‌బాట్ నియమం డొమైన్ పేరును చూడదు కాబట్టి కొత్త పేరుతో వచ్చినా 410 తింటుంది. తెలుసుకోవడానికి రెండు కాపలాలు పెట్టండి. ఒకటి, ఆ నియమం తగిలిన రిక్వెస్టులను వేరే లాగ్ ఫైల్‌లో రాయించి, కొత్త ఐపీ కనిపించిన రోజు ఈమెయిల్ వచ్చేలా చేయండి. రెండు, మీ వ్యాసాల్లోంచి ఎవరూ మామూలుగా రాయని వాక్యాలు కొన్ని తీసుకుని కొటేషన్లలో గూగుల్ అలర్ట్స్‌లో పెట్టండి. డొమైన్ పేరున్న వాక్యం మాత్రం తీసుకోకండి, అది వాళ్ల దగ్గర మారిపోయి ఉంటుంది.